ఓడిపోయే హక్కు వాళ్లకేనా?

ఈమధ్య కిసాన్ మేళా ఎక్కడ పెట్టినా, రైతు శిక్షణ తరగతి ఎక్కడ జరిగినా ఒక ఉపన్యాసం తప్పనిసరి అయిపోయింది. ఒక స్టార్టప్ కంపెనీ వ్యవస్థాపకుడు వేదిక ఎక్కుతాడు. మొదటి కంపెనీ మునిగిందని, రెండోదీ మునిగిందని, మూడోది నిలబడిందని, ఓటమే తనకు గురువని చెబుతాడు. ఆయన కంపెనీలో డబ్బు పెట్టిన పెట్టుబడిదారు పక్కనే కూర్చుని తలూపుతాడు. చివర్లో మనవైపు తిరిగి, రైతులు కూడా ఇలాగే సాహసం చేయాలి, వ్యాపారవేత్తల్లా ఆలోచించాలి అని ముగిస్తారు. అధికారులు చప్పట్లు కొడతారు.

సాహసం గురించి పాఠం ఎవరికి చెబుతున్నారు? తొలకరిని నమ్మి పత్తి గింజ వేసి, వాన మొహం చాటేస్తే మళ్లీ అప్పు తెచ్చి రెండోసారి వేసే రైతుకా? ఎకరాకు వేలకు వేలు కౌలు ముందే కట్టి, పంట చేతికొచ్చే నాటికి ధర ఎంతుంటుందో తెలియకుండానే మిరప నారు నాటే కౌలు రైతుకా? సాహసం మనకు పుట్టుకతో వచ్చింది. ఓడిపోయాక తిరిగి లేచే ఏర్పాటు మాత్రం మనకు లేదు. వాళ్లకు ఉంది. ఆ ఏర్పాటు ఎవరు చేశారో ఈ నెల మాట్లాడుకుందాం.

వాళ్ల దారి

స్టార్టప్‌కు మొదటి డబ్బు సొంత పొదుపు నుంచో, అయినవాళ్ల నుంచో వస్తుంది. తర్వాత ఏంజెల్ ఇన్వెస్టర్లు అనే సంపన్నులు వాటా తీసుకుని కొంత పెడతారు. ఆపైన వెంచర్ ఫండ్లు వస్తాయి. ఈ డబ్బు చాలావరకు అప్పు కాదు, వాటా. దానికి నెలనెలా వడ్డీ లేదు. కంపెనీ మూతపడితే వాటా విలువ సున్నా అవుతుంది, అంతే. కంపెనీ వేరు, దాన్ని పెట్టిన మనిషి వేరు అని చట్టం చెబుతుంది కనుక, సొంత పూచీ రాసిస్తే తప్ప ఆ మనిషి ఇంటి జోలికి ఎవరూ పోరు. రెండేళ్లకు ఆయన ఇంకో కంపెనీ పెట్టవచ్చు. మునిగిన కంపెనీ ఆయన అర్హతల్లో అనుభవంగా చేరుతుంది.

ఫండ్ నడిపేవాళ్ల సంగతి ఇంకా నిశ్చింత. వాళ్లు పెట్టేది ఎక్కువగా ఇతరుల డబ్బు: పెన్షన్ నిధులు, బీమా కంపెనీలు, పెద్ద కుటుంబాల ఆస్తులు. ఏటా సుమారు 2 శాతం నిర్వహణ రుసుం, లాభం వస్తే అందులో 20 శాతం తీసుకోవడం ఆ రంగంలో మామూలు. ఇరవై ముప్పై కంపెనీల్లో తలా కొంత పెడతారు. సగానికి పైగా పోతాయని ముందే లెక్క వేసుకుంటారు. ఒకటో రెండో దండిగా కాస్తే పోయినవన్నీ పూడుతాయి. నష్టాన్ని పదిమందికి పంచి, పది చోట్ల చల్లడమే వాళ్లు నేర్చిన విద్య.

మనకున్నది ఇరవై పొలాలు కాదు, రెండెకరాలు. అందులోనూ ఒకే పంట, ఒకే బోరు. పెట్టుబడి ఎరువుల దుకాణంలో అరువు. పంట అమ్మేదీ అదే షావుకారుకు. మన నష్టంలో వాటా తీసుకునేవాడు లేడు. వడ్డీ తీసుకునేవాడు ఉన్నాడు.

సర్కారు ఎవరి వెనుక నిలబడింది?

2016 జనవరిలో కేంద్రం స్టార్టప్ ఇండియా ప్రకటించింది. ఫండ్లకు పెట్టుబడి సమకూర్చడానికి సిడ్బీ ద్వారా 10,000 కోట్ల రూపాయల నిధి పెట్టింది. 2025 బడ్జెట్‌లో మరో 10,000 కోట్లు ప్రకటించింది. అర్హత పొందిన స్టార్టప్‌లకు మొదటి పదేళ్లలో వరుసగా ఏవైనా మూడేళ్లు లాభాల మీద ఆదాయ పన్ను లేదు. పెట్టుబడిదారులు ఇబ్బంది అన్న ఏంజెల్ పన్నును 2024 జులై బడ్జెట్‌లో ఎత్తేసింది.

ఇక అప్పుల సంగతి. 2022 అక్టోబరులో స్టార్టప్‌ల కోసం రుణ పూచీ పథకం తెచ్చారు. తాకట్టు లేకుండా 10 కోట్ల రూపాయల దాకా ఇచ్చే అప్పుకు ప్రభుత్వ పూచీ. 2025లో దాన్ని 20 కోట్లకు పెంచారు. మనకో? తాకట్టు లేని పంట రుణం పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుంచి 1 లక్షా 60 వేల నుంచి 2 లక్షలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో వ్యవసాయ కుటుంబం మీద సగటున 2,45,554 రూపాయల అప్పుందని కేంద్రం చేసిన 2018-19 సర్వే తేల్చింది. తెలంగాణలో అది 1,52,113. రెండు రాష్ట్రాల్లోనూ పదింట తొమ్మిది కుటుంబాలకు పైగా అప్పుల్లో ఉన్నాయి. అంటే ఇప్పుడు పెంచిన పరిమితి కూడా ఏడేళ్ల కిందటి ఆంధ్ర రైతు సగటు అప్పుకు చాలదు. పైగా అది కాగితం మీద పరిమితి. పట్టా లేని కౌలు రైతు బ్యాంకు గుమ్మం తొక్కితే ఏ సమాధానం వస్తుందో మన సభ్యులకు చెప్పనక్కర్లేదు.

ఓడిపోయాక ఏం జరుగుతుందో కూడా చూడండి. 2016 దివాలా చట్టంలో స్టార్టప్‌ల కోసం త్వరిత పరిష్కార మార్గం ఉంది. 90 రోజుల్లో తేల్చాలి, అవసరమైతే మరో 45 రోజులు. 2017లోనే అది అమల్లోకి వచ్చింది. అదే చట్టంలో పేదల కోసం ఒక అధ్యాయం రాశారు. ఏడాదికి 60 వేల లోపు ఆదాయం, 35 వేల లోపు అప్పు, సొంత ఇల్లు లేని మనిషి దరఖాస్తు పెడితే ఆ అప్పు మాఫీ అయి కొత్తగా మొదలుపెట్టే అవకాశం ఇస్తుంది ఆ అధ్యాయం. పరిమితులే అన్యాయం అనుకుంటే, ఆ అధ్యాయాన్ని అసలు అమల్లోకే తేలేదు. ఒకే చట్టం, రెండు ద్వారాలు. ఒకటి తీశారు, ఒకటి మూసే ఉంచారు.

మూసిన ద్వారం ముందు ఏం జరుగుతోందో జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా చెబుతూనే ఉంది. 2023లో దేశంలో వ్యవసాయ రంగంలో ఆత్మహత్య చేసుకున్న రైతులు, కూలీలు 10,786 మంది. వాళ్లకు ఓటమి గురువు కాలేదు.

గెలిస్తే ఎవరికి?

స్టార్టప్ గెలిచినప్పుడు పొలానికి ఏం దక్కుతుందో తెలియాలంటే అమెరికాలో జరిగిన ఒక కథ చూడాలి. 2006లో గూగుల్‌లో పనిచేసిన డేవిడ్ ఫ్రీడ్‌బర్గ్, సిరాజ్ ఖలీక్ కలిసి వెదర్‌బిల్ అనే కంపెనీ పెట్టారు. వాతావరణం మీద బీమా అమ్మడం దాని పని. మొదట రకరకాల వ్యాపారాలకు అమ్మజూశారు. తర్వాత వ్యవసాయమే అసలు బేరమని గ్రహించి, క్లైమేట్ కార్పొరేషన్ అని పేరు మార్చి, నేల, వాన, దిగుబడి వివరాలు పోగేశారు. 2013లో దాన్ని సుమారు 93 కోట్ల డాలర్లకు కొన్నది ఎవరు? మోన్‌శాంటో. 2018లో మోన్‌శాంటోను బేయర్ కొనేసింది. ఫ్రీడ్‌బర్గ్ ఇప్పుడు తానే పెట్టుబడిదారు.

ఏ పొలంలో ఏ విత్తనం ఎంత పండిందన్న సమాచారం చివరికి విత్తనం అమ్మే కంపెనీ గుప్పిట్లోకి పోయింది. అమెరికా రైతులకూ భయం పుట్టింది. 2014లో అక్కడి ఫార్మ్ బ్యూరో ఫెడరేషన్ కంపెనీలతో కూర్చుని, పొలం సమాచారం రైతు సొత్తు అన్న సూత్రాలు రాయించింది.

మోన్‌శాంటో అంటే మనకు కొత్త కాదు. 450 గ్రాముల బీటీ పత్తి ప్యాకెట్ మీద సుమారు 1,250 రూపాయలు సాంకేతిక రుసుం గుంజిన రోజులు గుర్తున్నాయి. 2006లో రైతుల ఒత్తిడితో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య కమిషన్ దాకా వెళితేనే ప్యాకెట్ ధర 750కి దిగింది. విత్తనం ఒక్కటే చేతిలో ఉన్నప్పుడు అలా చేసినవాళ్లు, మన పొలం జాతకం కూడా చేతికొస్తే ఏం చేస్తారో ఊహించుకోవచ్చు.

ఆ దారి ఇక్కడా పరుస్తున్నారు. 2023 ఆగస్టులో తెలంగాణలో వ్యవసాయ డేటా ఎక్స్ఛేంజ్ మొదలుపెట్టారు. ప్రభుత్వం దగ్గరున్న వ్యవసాయ సమాచారాన్ని స్టార్టప్‌లు వాడుకునేందుకు అది వేదిక. మొదట ఖమ్మం జిల్లాలో. ఇప్పుడు రైతు రిజిస్ట్రీ పేరుతో ప్రతి పట్టాదారుకూ 11 అంకెల సంఖ్య ఇస్తున్నారు. ఆ సంఖ్య వెనుక చేరే సమాచారాన్ని ఎవరు, ఏ షరతు మీద వాడుకుంటారో గ్రామసభలో చర్చించారా?

మన పిల్లల మాట

స్టార్టప్‌లు పెట్టేవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. పుస్తెలు అమ్మి ఇంజనీరింగ్ చదివించింది మనమే. మంచి పనిముట్టు, నిజమైన సలహా, దళారీ లేని కొనుగోలు తెస్తే భుజం తట్టి తీసుకుందాం. వాళ్లకు ఓడిపోయే అవకాశం ఇచ్చారని కూడా మాకు ఏడుపు లేదు. కొత్త పని చేసేవాడికి ఆ అవకాశం ఉండాల్సిందే. ఏటా ఆకాశం కింద కొత్తగా జూదమాడే రైతుకు అది ఎందుకు లేదన్నదే మా ప్రశ్న. రైతును వ్యాపారవేత్త అని పొగిడేవాళ్లు వ్యాపారవేత్తకు ఇచ్చిన షరతులే రైతుకూ ఇవ్వాలి.

మన డిమాండ్లు

1. స్టార్టప్‌లకు ఉన్నట్టే పంట రుణాలకు ప్రభుత్వ పూచీ నిధి పెట్టాలి. తాకట్టు లేని రుణ పరిమితిని అసలు సాగు ఖర్చుకు తగ్గట్టు పెంచాలి.

2. ఆంధ్రప్రదేశ్ 2019 సాగుదారు హక్కుల చట్టంలో భూ యజమాని సంతకం ఉంటేనే కార్డు అన్న నిబంధన తీసేయాలి. తెలంగాణలోనూ కౌలు రైతును గుర్తించి రుణం ఇవ్వాలి.

3. దివాలా చట్టంలో పేదల అధ్యాయాన్ని, పరిమితులు పెంచి, వెంటనే అమల్లోకి తేవాలి. కేరళలో 2007 నుంచి పనిచేస్తున్నట్టు రైతు రుణ విముక్తి కమిషన్ రెండు రాష్ట్రాల్లోనూ పనిచేయాలి.

4. ప్రభుత్వ నిధి తీసుకున్న ప్రతి వ్యవసాయ స్టార్టప్ తెలుగులో రాతపూర్వక ఒప్పందం ఇవ్వాలి. పొలం సమాచారం అమ్ముకుంటే రైతుకు వాటా ఇవ్వాలి.

గ్రామ కమిటీలు ఇప్పటినుంచే ఒక పని చేయాలి. యాప్‌లో వేలిముద్ర, ఓటీపీ అడిగే ఎవరినైనా ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. మా సమాచారం ఎవరికి ఇస్తారు? వద్దంటే తీసేస్తారా? కంపెనీ అమ్ముడుపోతే మా వివరాలు ఎవరి పాలవుతాయి? మీ సలహా విని పంట పోతే నష్టం ఎవరిది? సమ్మతి నోటీసు తెలుగులో కోరవచ్చని, ఇచ్చిన సమ్మతి వెనక్కి తీసుకోవచ్చని 2023 డేటా రక్షణ చట్టంలోనే రాసి ఉంది. జవాబు కాగితం మీద రానిదే సంతకం పెట్టకండి.

ఈసారి వేదిక మీద ఎవరైనా ఓటమి పాఠం చెబితే, మన సభ్యులు లేచి ఒక్కటే అడగాలి: అయ్యా, మీరు ఓడినప్పుడు మీ అప్పు ఎవరు కట్టారు?