కఱ్ఱగలవానిదే బఱ్ఱెయా?

ఆ మధ్య మా తరగతిలో నొక విద్యార్థి లేచి, “సైన్యము వచ్చి రాజ్యమును తీసికొన్నపుడు, లండనులోనున్న నైజాము సొమ్ముకూడ గెలిచినవారిదే గదా?” అని అడిగెను. తక్కినవారు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. “కఱ్ఱగలవానిదే బఱ్ఱె” అను సామెత లోకరీతిని చెప్పునే గాని ధర్మమును చెప్పదు. ఆ భేదమును విద్యార్థులకు విప్పి చెప్పవలసిన బాధ్యత ఉపాధ్యాయులది.

ఈ ప్రశ్న మనకు దూరపుది గాదు. 1948 సెప్టెంబరు 13న భారతసేన హైదరాబాదు సంస్థానమున ప్రవేశించెను. 16వ తేదీన షోలాపురము బాటను వచ్చిన దళము మన జహీరాబాదును దాటి ముందుకు సాగెను. అదే దినమున పారిసు నగరములో భద్రతామండలి హైదరాబాదు ఫిర్యాదును చర్చకు స్వీకరించెను. మఱునాడే నైజాము లొంగిపోయెను. రజాకార్ల దౌర్జన్యముతో విసిగిన ప్రజలనేకులు సేనను ఆదరముతో ఎదుర్కొనిరి.

బ్రిటిషు అధికారము తొలగినందున తాను స్వతంత్రుడనని నైజాము వాదము. ఇది ఇంటివ్యవహారమని భారతప్రభుత్వ వాదము. మొదటి వాదమే నిజమైనచో, ఒక దేశముపై మఱియొక దేశము బలము ప్రయోగింపరాదన్న 1945 నాటి ఐక్యరాజ్యసమితి నియమము అడ్డు వచ్చును. రెండవదే నిజమైనచో ఆ నియమము వర్తింపదు. లొంగుబాటు తరువాత నైజాము ఫిర్యాదును విరమించుకొనెను. మండలి ఏ తీర్పును చెప్పలేదు. రాజ్యము సంగతి అట్లు ముగిసినది.

సొమ్ము సంగతి వేఱు. ఆ సెప్టెంబరులోనే నైజాము ప్రభుత్వపు పైకము 10,07,940 పౌండ్లు లండనులోని వెస్టుమినిస్టరు బ్యాంకులో పాకిస్తాను హైకమిషనరు రహింతూలా పేరిటి ఖాతాకు మాఱెను. తన అనుమతి లేకయే ఇది జరిగినదని నైజాము కొలది దినములకే తెలిపి, సొమ్ము తిరిగి యిమ్మనెను. పరప్రభుత్వముపై దావా నడువదని 1957లో ఇంగ్లండు ప్రభువుల సభ నిర్ణయించుటతో సొమ్ము బ్యాంకులోనే నిలిచిపోయెను. 2013లో పాకిస్తాను తానే దావా వేసి ఆ రక్షణను పోగొట్టుకొన్నది. 2019 అక్టోబరు 2న న్యాయమూర్తి మార్కస్ స్మిత్ ఆ ధనము ఏడవ నైజాముదే ననియు, ఆయన హక్కుద్వారా వచ్చిన మనుమలకును భారతదేశమునకును చెందుననియు తీర్పు చెప్పెను. అప్పటికది సుమారు 3.5 కోట్ల పౌండ్లయి పెరిగియుండెను.

నా విద్యార్థికి సమాధానమిందే యున్నది. ఆ ధనమున భారతదేశమునకు వాటా కలిగినది సేన గెలిచినందున గాదు. సొమ్ము గలవాని హక్కు తనకు సంక్రమించినందున. 1907 నాటి హేగు నియమములుకూడ ఈ త్రోవనే చూపుచున్నవి: ఆక్రమించిన సేన ప్రభుత్వపు ధనమును స్వాధీనము చేసికొనవచ్చును గాని, ప్రజల స్వంత ఆస్తిని హరింపరాదు, దోపిడి సర్వథా నిషిద్ధము.

అయినను నా మనస్సున నొక ముల్లు మిగిలినది. నాడు జహీరాబాదు బీదరు జిల్లాలోనిది. రజాకార్లు పల్లెలను దోచిరి. సైనికచర్య తరువాత ముస్లిములపై హత్యలు, దోపిడులు జరిగెను. వానిని విచారించిన పండిత సుందరలాలు సంఘము మిక్కిలి బాధపడిన జిల్లాలలో బీదరును పేర్కొన్నది. ఆ నివేదిక దశాబ్దములపాటు వెలుగు చూడలేదు. రాజుగారి సొమ్మునకు 71 ఏండ్లకైనను న్యాయస్థానము దొరికినది. ధాన్యపుగాదె పోయిన రైతునకు, ఇల్లు కాలిన విధవరాలికి ఏ న్యాయస్థానము దొరికినది?

గెలుపు చరిత్రలో నొక తేదీ మాత్రమే. హక్కునకు వేఱు ఆధారము కావలెను. సెప్టెంబరు పదునేడున జెండా నెగురవేయునపుడు ఈ రెండవ మాటనుగూడ పిల్లలకు చెప్పుదము. రేపు ఏ దేశమైనను, మన దేశమైనను సరే, కఱ్ఱ చేత బట్టి పరుల బఱ్ఱెను తోలుకొనిపోవుచుండగా “ఇది ఎవరిది?” అని అడుగగల పౌరుడు ఆ తరగతినుండియే రావలెను.