సాగర్ నీళ్ళ మధ్య ఆ చిన్న కొండంటే నాకెందుకంత ఇష్టం

మన ఆడవాళ్ళం ఏడాదిలో ఎన్నిసార్లు ఊరు దాటతామో ఒకసారి లెక్క వేసుకోండి. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఆడబిడ్డ పురుడు, గుంటూరు ఆసుపత్రులు, పిల్లల హాస్టళ్ళు, మొక్కు తీర్చుకోవడానికి ఒక తిరుపతి. తక్కువేం కాదు. కానీ వీటిలో కేవలం మనకి చూడాలనిపించి వెళ్ళింది ఒక్కటైనా ఉందా? "నీకు ఇష్టమైన చోటు ఏది?" అని అడిగితే మా సత్తెనపల్లి వీధిలో సగం మంది "మా పుట్టిల్లు" అంటారు. మిగతా సగం "ఏమో, ఎప్పుడూ ఆలోచించలేదు" అంటారు. నన్నడిగితే మాత్రం తడుముకోకుండా నాగార్జునకొండ అని చెబుతాను.

దీవి అనగానే అందరికీ మాల్దీవులో అండమానో గుర్తొస్తాయి. విమానం టికెట్లు, తెల్లటి ఇసుక, లక్షల్లో ఖర్చు. ఈ దీవి మన పల్నాడులోదే. తెల్లవారుజామున బయల్దేరితే పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల, మాచర్ల దాటి విజయపురి సౌత్ చేరతాం. అక్కడ లాంచీ ఎక్కితే చుట్టూ సాగర్ నీళ్ళు, దూరంగా కొండలు. ముందు గీతలాగా కనపడిన కొండ దగ్గరికొచ్చేసరికి చెట్లతో, మెట్లతో నిలబడుతుంది. చీకటి పడ్డాక మళ్ళీ మన ఇంట్లోనే ఉంటాం.

ఇది పుట్టుకతో దీవి కాదు. కిందంతా లోయ. సుమారు పదిహేడు వందల ఏళ్ళ క్రితం అక్కడ ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉండేది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగర్ డ్యామ్‌కి శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ వాళ్ళు తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నిటిని ఊడదీసి, కొండ మీదికి మోసుకెళ్ళి తిరిగి నిలబెట్టారు. ఇంకొన్నిటిని ఒడ్డున అనుపు దగ్గర కట్టారు. తర్వాత నీళ్ళొచ్చాయి. లోయ మునిగింది, కొండ దీవయింది.

ఇక నాకెందుకిష్టమో చెబుతాను. మొదటిది, అది చిన్నది. కాళ్ళ నొప్పులున్న నాలాంటిది కూడా మెల్లిగా నడిచి చూడగలిగినంత. పెద్ద ఊళ్ళకి టూర్ వెళితే చూసిన వాటికంటే చూడనివే ఎక్కువ ఉంటాయి. "ఇంకా ఆ గుడి మిగిలింది, ఈ షాపింగ్ మిగిలింది" అని తిరిగొచ్చేదాకా హడావిడే. ఇక్కడ ఏ వైపు నడిచినా కాసేపటికి నీళ్ళు కనపడతాయి. అయిపోయింది, ఇక కూర్చోవచ్చు. ఇంట్లో మన పనికి అలాంటి హద్దు ఎక్కడుంది? గిన్నెలు తోమితే బట్టలు, బట్టలు మడతపెడితే రాత్రికి కూర. "అయిపోయింది" అని చెప్పుకునే వీలున్న చోటు ఆడదానికి దొరకడమే కష్టం.

రెండోది, అక్కడ మనల్ని ఎవరూ తొందరపెట్టలేరు. లాంచీ ఎప్పుడు తీస్తే అప్పుడే తిరుగు ప్రయాణం. "గ్యాస్ సిలిండర్ వచ్చింది, డబ్బులెక్కడున్నాయి?" అని ఫోనొచ్చినా పరుగెత్తుకెళ్ళడానికి దారి లేదు. బీరువాలో ఉన్నాయని చెప్పి పెట్టేయడమే. ఇంట్లోవాళ్ళూ ఏదో ఒకటి చూసుకుంటారు. నిజానికి ఎప్పుడైనా చూసుకోగలరు. మనం చేతికి అందేంత దూరంలో ఉన్నంతసేపూ వాళ్ళకి ఆ అవసరం రాదు, అంతే.

కార్తీకంలో వనభోజనాలకి వెళతాం కదా, అది చాలదా అనొచ్చు. వనభోజనాల్లో ఉసిరి చెట్టు కింద పేకాట ఆడేదెవరో, గాడిపొయ్యి దగ్గర పొగలో కళ్ళు తుడుచుకునేదెవరో మీకు తెలుసు. వంటిల్లు తోటలోకి మారుతుంది, అంతే తేడా. తీర్థయాత్రలోనూ అంతే. అందరి తడిబట్టలు, అందరి మాత్రలు మన సంచిలోనే ఉంటాయి. బెజవాడలో భవానీ ద్వీపం ఉంది, బాగుంటుంది కూడా. కానీ అది పిల్లల ఆటల కోసం వెళ్ళే చోటు. అక్కడ మన కళ్ళు పిల్లల మీదే ఉంటాయి.

మొదటిసారి వెళదామన్నప్పుడు మా అబ్బాయి "రాళ్ళు చూడ్డానికి అంత దూరమా అమ్మా?" అన్నాడు. మా అత్తయ్య "ఏమ్మాయ్, అంత దూరం పోయేదేదో శ్రీశైలం పోతే పుణ్యమన్నా వచ్చేది కదా" అంది. ఆవిడ మాట తీసిపారేసేది కాదు. పుణ్యం పేరు చెప్పుకుంటే తప్ప గడప దాటడం కుదరని కాలంలో బతికిన మనిషి. ఆవిడకి నేను శాసనాల సంగతి చెప్పాను. నాకు ఆ దీవి ఇష్టం కావడానికి మూడో కారణం, అన్నిటికంటే పెద్ద కారణం అదే.

ఇక్ష్వాకుల్లో మొదటి రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు. అశ్వమేధం చేసినవాడు, కుమారస్వామి భక్తుడు. కానీ ఆ ఇంటి ఆడవాళ్ళు బుద్ధుడిని నమ్మారు. ఒకే ఇంట్లో రెండు దారులు. విజయపురిలోని బౌద్ధ కట్టడాల్లో పేరున్నవి చాలావరకు ఈ ఆడవాళ్ళు ఇచ్చిన దానాలే. రాజుగారి చెల్లెలు చాంతిసిరి మహాచైత్యాన్ని కట్టించింది. ఆమె మేనల్లుడు వీరపురుషదత్తుడు రాజ్యానికొచ్చిన ఆరో ఏట అది పూర్తయింది. ఆ రాజు మేనత్త కూతుళ్ళని చేసుకున్నాడు. మన ఇళ్ళల్లో మేనరికాలు అంత పాతవి అన్నమాట! కోడలు భట్టిదేవి ఒక విహారం కట్టించింది. రాజుగారి మనవరాలు కొడబలిసిరి, వనవాసి రాజుకిచ్చి చేసిన పిల్ల, అత్తవారి ఊరు అంత దూరమైనా పుట్టిన ఊళ్ళో ఒక విహారం కట్టించింది. వీళ్ళంతా రాజవంశం వాళ్ళు, డబ్బుంది అనుకుందాం. బోధిసిరి రాణి కాదు, గృహస్థురాలైన ఉపాసిక. ఆమె సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి, తన బంధువులందరినీ పేరుపేరునా తలుచుకుంటూ శాసనం వేయించింది.

ఇందులో చాంతిసిరి శాసనం నన్ను పట్టుకుని కూర్చుంది. మహాచైత్యం చుట్టూ ఉండే ఆయక స్తంభాల మీద ప్రాకృత భాషలో చెక్కించింది. ఈ దానం ఎవరి మేలు కోసమో అందులో వరసగా చెప్పుకుంది. తనవైన రెండు కులాల మేలు కోరింది, అంటే పుట్టిల్లు, అత్తిల్లు. లోకమంతటి సుఖం కోరింది. వాటితోపాటు తనకి నిర్వాణం కావాలని కూడా కోరుకుంది.

బి.ఏ.లో ద్వీపం అనే మాటకి రెండు పక్కలా నీళ్ళున్నది అని వ్యుత్పత్తి చదువుకున్నాం. అది చదివినప్పుడు వ్యాకరణం మార్కుల కోసమే. పెళ్ళయ్యాక దాని అర్థం తెలిసింది. ఒక పక్క పుట్టిల్లు, ఒక పక్క అత్తిల్లు, మధ్యలో మనం. పదిహేడు వందల ఏళ్ళ క్రితం ఒకామె అదే చోట నిలబడి, రెండు ఇళ్ళనీ తలుచుకుని, తనని మాత్రం వదిలేయలేదు. మనం దేవుడి ముందు దణ్ణం పెట్టుకునేటప్పుడు ఏం కోరతామో గుర్తు చేసుకోండి. ఆయన ఆరోగ్యం, పిల్లల చదువులు, మిర్చికి మంచి ధర, అమ్మానాన్నల మోకాళ్ళు. మనకేం కావాలో అడిగే వేళకి హారతి అయిపోతుంది.

ఇదంతా విని మా అత్తయ్య ఒక్కటే ప్రశ్న వేసింది. "ఆమె మొగుడి పేరు రాయించిందా?" రాయించింది అత్తయ్యా, మొగుడి పేరూ, కొడుకు పేరూ రెండూ ఉన్నాయన్నాను. "అయితే మంచిదే" అని చెప్పులు వేసుకుంది. కొండ మీద మ్యూజియంలో బుద్ధుడి నిలువెత్తు విగ్రహం ముందు ఆవిడ నాకంటే ఎక్కువసేపు నిలబడింది.

ఈ దీవి కోసం పోయినవాటిని మర్చిపోకూడదు. విజయపురి ఒక్కటే కాదు, మనుషులు కాపురాలు చేసుకుంటున్న ఊళ్ళు కూడా ఆ నీళ్ళల్లో మునిగాయి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు పొయ్యి రాళ్ళు వదిలేసి వేరే చోట మళ్ళీ పొయ్యి పెట్టుకున్నారు. వాళ్ళ పేర్లు ఏ స్తంభం మీదా లేవు. 1967లో కాలవలకి నీళ్ళు వదిలాక కుడి కాలవ మన గుంటూరు, ప్రకాశం పొలాలకి వచ్చింది. మన పత్తి, మన మిర్చి, మన పిల్లల ఫీజుల్లో ఆ నీళ్ళ వాటా ఉంది. అందుకే లాంచీలో వెళుతుంటే సెల్ఫీలు దిగడం తప్పు కాదు గానీ, కింద ఏముందో పిల్లలకి ఒకమాట చెప్పండి.

రాళ్ళు తప్ప ఏమీ లేవని విసుక్కునేవాళ్ళు ఉంటారు. వాళ్ళని బలవంతపెట్టొద్దు. వాళ్ళు ఇంట్లోనే ఉంటే ఇంకా మంచిది. వెళ్ళేవాళ్ళు మాత్రం కొన్ని గుర్తుపెట్టుకోండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. గాలి ఎక్కువున్నా, నీటిమట్టం అనుకూలంగా లేకపోయినా లాంచీలు ఆపేస్తారు, ముందుగా కనుక్కుని బయల్దేరండి. లైఫ్ జాకెట్ వేసుకోమంటే చీర నలుగుతుందని మొహమాటపడకండి. మన ఎండల్లో ఏప్రిల్, మే నెలలు వద్దే వద్దు. సంక్రాంతి ముందో వెనకో బాగుంటుంది. పులిహోర కలుపుకుని వెళితే సరే, కానీ ఆ రోజు అందరికీ వడ్డించే పని ఇంకెవరికైనా అప్పజెప్పండి.

పిల్లల కోసం వెళుతున్నాం, చదువుకి పనికొస్తుంది అని సాకు చెప్పకుండా, "నాకు చూడాలని ఉంది" అని ఇంట్లో చెప్పి వెళ్ళాలన్నది నా అభిప్రాయం. అలా అడిగితే మన ఇళ్ళల్లో కాదనేవాళ్ళు మనం అనుకున్నంత మంది ఉండరు. ఉన్నా ఒకటికి రెండుసార్లు అడగండి. నాగార్జునకొండే కానక్కర్లేదు, అమరావతి ఒడ్డైనా, కొండవీడు మెట్లైనా సరే. ఏడాదికి ఒక్కరోజు, మొక్కు లేకుండా, పని లేకుండా. రెండిళ్ళ మేలూ కోరుకుంటూనే ఉంటాం, అది మానక్కర్లేదు. ఆ వరసలో మన పేరు కూడా ఒకటి చేర్చుకుందాం.