కనపడనప్పుడు కనపడలేదని చెప్పాలి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు మొదట నావల్ల కాదన్నాను. వర్క్‌షాపులో గ్రీజు చేతులతో బతికేవాణ్ణి, నాకు కవితలూ కథలూ రావు. "అన్నా, నువ్వు చేసే పని గురించే రాయి" అన్నారు. అందుకే కార్ల గురించి రాస్తున్నాను. అయితే ముందు మన హాస్టల్ సంగతి ఒకటి చెప్పాలి.

ఎనిమిదో తరగతిలో నాకు బోర్డు మీద అక్షరాలు సరిగ్గా కనపడేవి కావు. చెబితే తోటివాళ్ళు ఎగతాళి చేస్తారని ఎవరికీ చెప్పలేదు. పక్కవాడి నోట్సు చూసి కొంత, ఊహించి కొంత రాసుకునేవాణ్ణి. 3 ఉన్నచోట 8 వేసేవాణ్ణి. నాకు లెక్కలు రావని సారు అనుకునేవారు. ఒకరోజు స్టడీ అవర్లో వార్డెన్ గారు నా నోట్సు తిరగేసి సంగతి కనిపెట్టారు. మర్నాడే గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్ళి కళ్ళద్దాలు ఇప్పించారు. తిరిగొస్తూ ఒకే మాటన్నారు: "కనపడకపోవడం తప్పు కాదురా. కనపడనిది కనపడినట్టు రాసుకోవడం తప్పు."

డిప్లొమా చదివి, ఇన్నేళ్ళుగా కార్ల పని చేస్తున్న నాకు ఆ మాట ఇప్పుడు మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది.

మిత్రులారా, ఈమధ్య వస్తున్న చాలా కార్లలో 'అడాస్' అనే ఏర్పాటు ఉంటోంది. డ్రైవరుకు సాయపడే వ్యవస్థ అన్నమాట. ముందు బండి అకస్మాత్తుగా ఆగితే తనే బ్రేకు వేస్తుంది. లైను దాటుతుంటే స్టీరింగు సరిచేస్తుంది. ముందు బండిని బట్టి తన వేగం తగ్గించుకుంటుంది. ఇది ప్రాణాలు కాపాడే మంచి వస్తువే. నేను దీనికి వ్యతిరేకిని కాను. కానీ ఇది సాయం మాత్రమే, బండి నడిపే బాధ్యత మనిషిదే. ఈ సంగతి కారు కొన్నవారికి ఎంతవరకు తెలుసో గానీ, జీతానికి ఆ కారు నడిపే డ్రైవరుకు మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పడం లేదు.

ఒక వానాకాలంలో ముందు బంపరు పగిలిన కారొకటి మా దగ్గరికి వచ్చింది. తెచ్చిన డ్రైవరు మన హాస్టల్లో చదివిన తమ్ముడే. విజయవాడ రోడ్డు మీద వస్తుంటే జోరువాన పట్టుకుంది. ముందు లారీ, దాని చక్రాల నుంచి లేచే నీటితుంపర. అంతకుముందు రెండుసార్లు ఆ కారు తనంతట తనే బ్రేకు వేసింది కాబట్టి ఈసారీ వేస్తుందని తమ్ముడి నమ్మకం. లారీ వేగం తగ్గించింది. కారు బ్రేకు వేయలేదు. తమ్ముడు తొక్కేసరికి ఆలస్యమైంది. అదృష్టం, ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

యజమాని గారు "కారుకున్న తెలివి కూడా నీకు లేదు" అని రిపేరు ఖర్చు రెండు నెలల జీతంలో కోశారు.

నేను బండి చూశాను. వైపరు బ్లేడు అరిగిపోయింది, సరిగ్గా కెమెరా చూసే చోట అద్దం తుడవడం లేదు. రాడార్ ఉన్నచోట బంపరు మీద ఎండిన బురద. కంప్యూటరు తగిలించి చూస్తే, కెమెరాకు దారి కనపడటం లేదన్న సంగతి అందులో నమోదై ఉంది. అంటే కారు తనకు కనపడటం లేదని చెప్పింది! కానీ ఎలా చెప్పింది? మీటరు పక్కన చిన్న అక్షరాలతో, ఇంగ్లీషులో, డ్రైవరు కళ్ళు రోడ్డుకు అతుక్కుపోయి ఉన్న సమయంలో. అది యజమానికి చూపించాను. ఆయన విన్నారు. కోత మాత్రం ఆపలేదు.

తమ్ముడి తప్పు లేదని నేను అనను. వానలో లారీకి అంత దగ్గరగా వెళ్ళకూడదు. కానీ తప్పంతా అతనిదేనా? ఇది తేలాలంటే కారు కళ్ళు ఎలా పనిచేస్తాయో కొంచెం తెలియాలి.

మొదటిది కెమెరా. లోపలి అద్దం వెనకాల, ముందు గాజుకు ఆనుకుని ఉంటుంది. ఇది మన కన్ను లాంటిదే. గాజు మీద వానచుక్క పడితే కాంతి వంగిపోయి బొమ్మ చెదురుతుంది. రాత్రి తడిరోడ్డు మీద ఎదుటి లైట్లు మెరిస్తే తెల్లగీతలు కనపడవు. మంచులోని నీటికణాలు వెలుగును అన్నివైపులా చెదరగొడతాయి. పదో తరగతి పాఠాల్లో వక్రీభవనం, పరిక్షేపణం అని బట్టీపడతామే, అవే ఇవి.

రెండోది రాడార్. ఇది వెలుగుతో కాదు, రేడియో తరంగాలతో చూస్తుంది. కార్లలో వాడే 77 గిగాహెర్ట్జ్ రాడార్ తరంగం పొడవు దాదాపు 4 మిల్లీమీటర్లు. మంచుకణం అందులో వందో వంతు కూడా ఉండదు. అందుకే మనకేమీ కనపడని మంచులో కూడా రాడార్ ముందున్న బండిని పసిగడుతుంది. కానీ వానచుక్క పెద్దది. జోరువానలో చుక్కలు ఆ తరంగం పొడవుకు దగ్గరగా ఉంటాయి కాబట్టి కొంత శక్తిని మింగేస్తాయి, కొంత చెదరగొడతాయి. రాడార్ మూత మీద నీటిపొర, తడిబురద పేరుకుంటే చూపు ఇంకా తగ్గుతుంది. పైగా ఏదో అడ్డం ఉందనీ, ఎంత వేగంతో కదులుతోందనీ రాడార్ బాగా చెబుతుంది గానీ, అది మనిషో గేదో తేల్చడం దానికి కష్టం.

బంపరులో గుండ్రటి బిళ్ళల్లా కనపడేవి పార్కింగ్ సెన్సర్లు. అవి శబ్దంతో కొన్ని మీటర్ల దూరమే చూస్తాయి. మట్టి అంటితే ఊరికే కూస్తాయి, లేదా కూయాల్సినప్పుడు ఊరుకుంటాయి. కొన్ని ఖరీదైన కార్లలో లేజరుతో చూసే లైడార్ ఉంటుంది. దానికీ మంచు, తుంపర శత్రువులే.

అంటే ఏ కన్నూ అన్ని కాలాలకూ పనికిరాదు. ఇది నేనొక్కడినే అనే మాట కాదు. అమెరికాలో ఏఏఏ అనే వాహనదారుల సంఘం 2021లో ఒక పరీక్ష చేసింది. అద్దం మీద వాన పడుతున్నట్టు నీళ్ళు చల్లుతూ, ఆగి ఉన్న బండి వైపు కార్లను నడిపించారు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో 17 శాతం సార్లు, 56 కిలోమీటర్ల వేగంలో 33 శాతం సార్లు కారు ఆగలేక గుద్దేసింది. లైను తప్పకుండా చూసే ఏర్పాటైతే 69 శాతం సార్లు తప్పింది.

ఇంకో సంగతి. టెస్లా కంపెనీ 2021లో అమెరికాలో అమ్మే తన కార్ల నుంచి రాడార్ తీసేసి కెమెరాల మీదే ఆధారపడటం మొదలుపెట్టింది. ఎదురెండ, మంచు, దుమ్ము ఉన్న సమయాల్లో జరిగిన నాలుగు ప్రమాదాల మీద, దాదాపు 24 లక్షల కార్ల విషయంలో, అక్కడి రహదారి భద్రతా సంస్థ 2024 అక్టోబరులో విచారణ ప్రారంభించింది. వాటిలో ఒక ప్రమాదంలో రోడ్డు మీదున్న మనిషి చనిపోయారు. ఆ సంస్థ అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? చూపు తగ్గిందని కారు గుర్తించగలుగుతోందా, గుర్తించి తగినట్టు నడుచుకుంటోందా అని. మన వార్డెన్ గారు నన్నడిగిన ప్రశ్నే!

అదే దేశం 2029 సెప్టెంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తనంతట బ్రేకు వేసే ఏర్పాటు తప్పనిసరి చేస్తూ 2024లో నిబంధన తెచ్చింది. మంచిదే. కానీ ఆ నిబంధనలో చెప్పిన పరీక్షలు వాన, మంచు లేని రోజునే జరుపుతారు. వచ్చిన పాఠంలోనే పరీక్ష పెట్టినట్టుంది.

మన దగ్గర మంచి పని జరుగుతోంది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వారు వాన, మంచు, మసకచీకట్లలో తీసిన 5000 జతల చిత్రాలను పరిశోధనకు సిద్ధం చేశారు. వాటితో యంత్రాన్ని పరీక్షించేటప్పుడు అన్ని తప్పులనూ ఒకేలా లెక్కించరు. ప్రాణం మీదికి తెచ్చే తప్పుకు ఎక్కువ మార్కులు కోసేస్తారు. కందిలోని ఐఐటీలో డ్రైవరు లేని బండ్లను పరీక్షించే 'తిహాన్' మైదానం 2022లో ప్రారంభమైంది. అక్కడ కృత్రిమంగా వాన కురిపించే ఏర్పాట్లు కూడా ఉన్నాయి.

నేను కోరేవి ఇవి. కారుకు కనపడనప్పుడు ఆ మాట తెలుగులో, గట్టిగా, గొంతుతో చెప్పాలి. దారి చెప్పే ఫోన్లు తెలుగులో మాట్లాడుతుంటే లక్షలు పోసి కొన్న కారు మాట్లాడలేదా? కారు అప్పజెప్పే రోజున యజమానికే కాదు, నడిపే డ్రైవరుకూ అరగంట నేర్పాలి. వానలో ఎలా పనిచేసిందో పరీక్షించి కొనేవారికి చెప్పాలి. ప్రమాదం జరిగితే కారు తనలో రాసుకున్న సమాచారాన్ని డ్రైవరుకూ ఇవ్వాలి. నింద మోసేవాడికి సాక్ష్యం చూసే హక్కు ఉండాలి కదా!

డ్రైవరు అన్నదమ్ములకు నా మనవి: వానలు మొదలయ్యే ముందే వైపరు బ్లేడ్లు మార్పించండి. పొద్దున్నే తడిగుడ్డతో కెమెరా ముందున్న గాజు, బంపరు మీది రాడార్ మూత తుడవండి. ముందు గాజు మారిస్తే కెమెరాను మళ్ళీ సరిచేయించుకోవాలి, అది మరవొద్దు. జోరువానలో వేగాన్ని కారుకు అప్పజెప్పకండి, మీ కాలే బ్రేకు అనుకోండి.

చదువుకుంటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. కంది మైదానం మనకు దూరమేమీ కాదు. సైన్సు బాగా చదివితే అక్కడ వాన కురిపించి కార్లను పరీక్షించే ఇంజనీర్లు మీలోంచే వస్తారు. వచ్చినప్పుడు, జీతానికి స్టీరింగు పట్టుకున్న మన హాస్టల్ అన్నలను గుర్తుపెట్టుకోండి. వాళ్ళకు అర్థమయ్యే భాషలో కారు చేత మాట్లాడించండి.

వార్షికోత్సవానికి నేను తప్పకుండా వస్తాను. అడాస్ ఉన్న బండ్లు నడిపే అన్నదమ్ములు ఆ రోజు నన్ను కలవండి. కెమెరా ఎక్కడుందో, రాడార్ ఎక్కడుందో దగ్గరుండి చూపిస్తాను. తుడవడానికి ఒక పాత గుడ్డ తెచ్చుకుంటే చాలు.

– ఒక పూర్వ విద్యార్థి, 2003 పదో తరగతి బ్యాచ్