కూటమికీ కాగితం కావాలి

మా గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలంలో కౌలు ఇప్పటికీ నోటిమాట మీదే నడుస్తోంది. ఎండాకాలంలో భూమి యజమాని ఎకరానికి ఇంత అంటాడు, మనం సరే అంటాం, సగం ముందే చేతిలో పెట్టి దుక్కి దున్నుకుంటాం. ధర బాగున్న ఏడు ఎవరికీ పేచీ ఉండదు. మిరపకు బొబ్బర తెగులు తగిలినప్పుడో, యార్డులో ధర పడినప్పుడో కాగితం లేని కౌలు సంగతి బయటపడుతుంది. పరిహారం పట్టా ఉన్నాయన ఖాతాలో పడుతుంది, అప్పు మన నెత్తిన ఉంటుంది. పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లో వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం రాసుకుంటే కార్డు ఇస్తారు. కాకపోతే యజమాని సంతకం కావాలి. కథంతా ఆ సంతకం దగ్గరే ఆగిపోతుంది.

రాష్ట్రంలో మూడు పార్టీల ప్రభుత్వం కూడా ఇలాంటి నోటి కౌలు మీదే నడుస్తోందని నా అభిప్రాయం. తెలుగుదేశం, జనసేన, బీజేపీ 2024లో పొత్తు కుదుర్చుకున్నప్పుడు లెక్క తేలింది సీట్ల మీద. అసెంబ్లీకి 144, 21, 10. లోక్‌సభకు 17, 2, 6. ఈ అంకెలు ఊళ్లో పిల్లలకు కూడా నోటికి వచ్చాయి. గెలిచాక ఎవరి మాట ఎంతవరకు చెల్లుతుంది, ఏ పని ఎవరిది, మాట తేడా వస్తే ఎక్కడ కూర్చుని తేల్చుకుంటారు అన్నది మాత్రం జనానికి ఎవరూ చెప్పలేదు. ఏప్రిల్ 30న ఉండవల్లిలో మేనిఫెస్టో విడుదలైంది. అందులో మాకు ఏమేమి ఇస్తారో ఉంది. వాళ్లు ఒకరికొకరు ఏం ఒప్పుకున్నారో లేదు. జూన్ 4న ఫలితాలు, 12న కేసరపల్లిలో ప్రమాణ స్వీకారం. ఎనిమిది రోజుల్లో పని అయిపోయింది.

కాగితం మీద నడిచే కూటములూ ఉన్నాయి. జర్మనీలో తురింగియా అని ఒక రాష్ట్రం ఉంది. అక్కడ కూడా 2024లోనే, సెప్టెంబర్ 1న ఎన్నికలు జరిగాయి. 88 మంది సభ్యుల సభలో ఎవరికీ మెజారిటీ రాలేదు. సీడీయూ, బీఎస్‌డబ్ల్యూ, ఎస్‌పీడీ అనే పార్టీలు కలిస్తే సరిగ్గా సగం, 44. ఆ మూడు పార్టీలు నెలల తరబడి కూర్చుని ఒప్పందం రాసుకుని అచ్చు వేశాయి. ఎస్‌పీడీ దాన్ని తన సభ్యుల ఓటింగుకు పెట్టింది. డిసెంబర్ 12న గాని మారియో ఫోక్ట్ ముఖ్యమంత్రి కాలేదు. నాకు నచ్చింది వాళ్ల ఓపిక కాదు. ఉక్రెయిన్ యుద్ధం మీద ఆ పార్టీలకు పడదు. దాన్ని దాచుకోకుండా, మా ఆలోచనలు వేరు వేరని ఒప్పందం మొదట్లోనే రాసుకున్నాయి. తగాదా ఎక్కడుందో జనానికి ముందే తెలిసింది.

కాగితం ఉంటే కాపురం నిలుస్తుందా అని అడగొచ్చు. నిలవకపోవచ్చు. జర్మనీ కేంద్ర ప్రభుత్వం కోసం 2021లో బెర్లిన్‌లో మూడు పార్టీలు 177 పేజీల ఒప్పందం రాసుకున్నాయి. బడ్జెట్ దగ్గర చెడి 2024 నవంబర్‌లో ఆ ప్రభుత్వం పడిపోయింది. అయితే పడిపోయిన రోజున ఎవరు ఏ మాట తప్పారో జనం పేజీ తీసి చూసుకోగలిగారు. మాకు లేనిది ఆ సౌకర్యమే.

సంకీర్ణం మనకు కొత్త కాదు. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబర్ 1న పుట్టిందే సంకీర్ణంతో. కాంగ్రెస్‌కు సొంత మెజారిటీ లేక టంగుటూరి ప్రకాశం పంతులు గారిని ముఖ్యమంత్రిని చేసింది, నీలం సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి అయ్యారు. మద్య నిషేధం ఉంచాలా, ఎత్తేయాలా అన్న రగడలో 1954 నవంబర్‌లో అవిశ్వాసం పెట్టారు. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పోయింది. పై ఏడు జరిగిన ఎన్నికల్లో కాంగ్రెస్, ప్రకాశం గారి ప్రజా పార్టీ, నిడుబ్రోలు ఎన్.జి. రంగా గారి కృషికార్ లోక్ పార్టీ ఒక్కటై 196లో 146 స్థానాలు గెలిచాయి. రైతుల పార్టీగా పేరున్న కృషికార్ లోక్ పార్టీ వాటా 22. తీరా 1957 నాటికి రంగా గారే కాంగ్రెస్ టికెట్ మీద తెనాలి నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఆ 22 సీట్లు పెట్టి రైతులు కొనుక్కున్నదేమిటో మా ఊళ్లో చెప్పగలిగినవాళ్లు లేరు. పెద్ద పార్టీతో కలిసే చిన్న పార్టీకి ఇది చేదు పాఠం.

ఇప్పుడు మా పంటల దగ్గరకు వస్తాను. 2025 ఫిబ్రవరిలో తేజ రకం మిరపకాయలు గుంటూరు యార్డుకు వేసుకెళ్లాం. 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటిన కాయ అది. కొట్టు ముందు టిక్కీలు దించితే గుమాస్తా మచ్చుకాయలు గుప్పిట్లోకి తీసుకుని, ఒకటి విరిచి గింజ చూసి, ‘కొద్దిగా మెత్తగా ఉందమ్మా, ఏసీ గోదాములో పెట్టుకోరాదూ’ అన్నాడు. ‘పెడితే ధర పెరుగుద్దా?’ అన్నాను. ‘నాకేం తెలుసు? ఢిల్లీలో మాట్లాడుతున్నారంట’ అన్నాడు. నిజంగానే మాట్లాడారు. ముఖ్యమంత్రి ఢిల్లీ వెళ్లారు, లేఖలు రాశారు. ఆ నెలాఖరుకు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ధర కట్టి, 2.91 లక్షల టన్నుల వరకు అంది. మాకు ఆ ధర కోత కూలికి, మందులకు, కౌలుకు సరిపోలేదు. మద్దతు ధర జాబితాలో మిర్చి లేదు కాబట్టి ధర పడిన ప్రతిసారీ ఇలా కొత్తగా వెళ్లి అడుక్కోవాల్సిందే. ఢిల్లీలోనూ ఇక్కడా కలిసి పాలిస్తున్నవాళ్లు, ధర ఫలానా చోటికి పడితే పథకం దానంతట అదే మొదలవుతుందని ముందే రాసుకుని ఉంటే, కల్లంలో కాయ ఎండే వేళకు మాకు ఒక లెక్క ఉండేది.

పత్తిదీ అదే వరస. దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకాన్ని కేంద్రం 2025 ఆగస్టులో సెప్టెంబర్ నెలాఖరు దాకా ఎత్తేసింది. తర్వాత దాన్ని డిసెంబర్ 31 వరకు పొడిగించింది. అంటే మా తీతలు మొదలై పత్తి మార్కెట్‌కు వచ్చే రోజులు కూడా అందులో కలిసిపోయాయి. పొడుగు పింజకు 8,110 రూపాయల మద్దతు ధర ప్రకటించిన ప్రభుత్వమే ఈ పనీ చేసింది. మిల్లుల బాధ మిల్లులకు ఉంది, కాదనను. కానీ లోక్‌సభలో బీజేపీకి వచ్చినవి 240 సీట్లు. తెలుగుదేశం ఎంపీలు 16 మందితో సహా మిత్రపక్షాలు పక్కన నిలబడితేనే ఆ ప్రభుత్వం నిలబడింది. మా గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ కేంద్రంలో సహాయ మంత్రి. పత్తి పండే రాష్ట్రంలోని మిత్రపక్షాన్ని అడగకుండా సుంకం మీద చేయి పెట్టకూడదన్న నియమం ఎక్కడైనా రాసి ఉందా?

కౌలు రైతు మాట జనసేనది. పవన్ కల్యాణ్ గారు 2022లో కౌలు రైతు భరోసా యాత్ర చేశారు, ఆత్మహత్య చేసుకున్నవాళ్ల కుటుంబాలకు లక్ష రూపాయల చొప్పున ఇచ్చారు. ఆ యాత్రలో భాగంగా పర్చూరుకూ వచ్చారు. ఆయన ఇప్పుడు ఉప ముఖ్యమంత్రి. రైతు సాయం పథకం అన్నదాత సుఖీభవ మొదటి విడత 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి నియోజకవర్గంలో మొదలైంది. రాష్ట్రం 5,000, కేంద్రం 2,000. నాకు ఎకరన్నర సొంతం ఉంది కనుక డబ్బు పడింది. నా గట్టు అవతల నాలుగెకరాలు కౌలుకు చేసే ఆవిడకు సెంటు భూమి లేదు, కార్డుకు యజమాని సంతకమూ లేదు, డబ్బూ పడలేదు. జనసేన ఎత్తుకున్న ఈ మాట కూటమి లెక్కల్లో ఎన్నో పేజీలో ఉందో చూద్దామంటే పేజీయే లేదు.

తెలుగుదేశానికి ఒంటరిగానే 135 మంది ఉన్నారు, 88 ఉంటే చాలు, ఇక ఒప్పందం ఎందుకు అంటారు కొందరు. అందుకే కావాలంటాను. అంకెలతో మెడ వంచలేని చిన్న పార్టీకి రాతే బలం.

నేను కోరేది నాలుగు పేజీల పత్రం. మిర్చి ధర ఎక్కడికి పడితే ప్రభుత్వం కదలాలి, పత్తి సుంకం మీద మిత్రపక్షాన్ని ఎప్పుడు సంప్రదించాలి, యజమాని సంతకం లేకుండా కౌలు కార్డు ఎప్పటికి ఇస్తారు, మూడు పార్టీలకు కుదరని విషయాలేమిటి. దీన్ని అసెంబ్లీలో పెట్టండి. ఏటా జూన్ 12 ఈ ప్రభుత్వానికి పుట్టినరోజు. ఆ రోజు ఏ మాట చెల్లింది, ఏది చెల్లలేదు, ఎవరు అడ్డుపడ్డారు అన్నది మూడు సంతకాలతో చెప్పండి. 2029లో ఎవరి వాటా ఎంతో మేం తేలుస్తాం.

(రచయిత్రి గుంటూరు జిల్లాలో మిర్చి, పత్తి సాగు చేస్తున్న కౌలు రైతు)