యంత్రనాదము – దాని అనుకరణము

1982లో అమెరికాలో వెలువడిన కమొడోర్ 64 అను గృహోపయోగ కంప్యూటరునందు ధ్వనికై ‘సిడ్’ అను ప్రత్యేకమైన చిప్పు ఉండెను. రాబర్ట్ యానెస్ రూపొందించిన ఆ చిప్పు ఒకేమారు మూడు స్వరములను పలికింపగలదు. దాని ప్రవర్తనను లెక్కలలోనికి దింపి, ఏ కంప్యూటరులోనైనను అదే ధ్వనిని పుట్టించు సాఫ్ట్‌వేరు నేడున్నది. ఇక పాత చిప్పుతో పనియేమి యని కొందరందురు. ఇది తొందరపాటు మాట.

తొలి చిప్పులో ఒక లోపముండెను. ధ్వనిస్థాయిని మార్చినప్పుడెల్ల ‘టిక్కు’మని చప్పుడు వచ్చెడిది. చతురులైన ప్రోగ్రామర్లు ఆ స్థాయిని అతివేగముగా మార్చి, ఆ టిక్కుల పరంపరతోనే డ్రమ్ముల మోతను, మనుష్యుని మాటను సైతము పలికించిరి! తరువాతి చిప్పులో లోపమును చాలవరకు సవరింపగా, పాపము, ఆ మాట వినీ వినబడనట్లయ్యెను. కనుక అనుకరణ సాఫ్ట్‌వేరు రచించువారు ఈ లోపమును గూడ శ్రద్ధగా లెక్కగట్టి చేర్పవలసివచ్చినది.

మరియొక చిక్కు. స్వరమునకు వన్నె దిద్దు ఫిల్టరు తొలి చిప్పులలో ఒకదానివలె నొకటి పనిచేయదు. దేనిని ప్రమాణముగా గొనవలెను? అసలు చిప్పులు పలుకుచున్నంతకాలమే సరిపోల్చి చూడగలము. సాఫ్ట్‌వేరును మేము నిరసింపము. పాతయంత్రము దొరకని విద్యార్థికి అదియే శరణ్యము. కాని కమొడోర్ సంస్థ 1994లోనే దివాలా తీసినది. మిగిలిన చిప్పులు ఒక్కటొక్కటిగా మూగవోవుచున్నవి. పనిచేయువానిని పారవేయక, ఒక్కొక్కదాని ధ్వనిని కొలిచి నమోదు చేయు పని ఇప్పుడే జరుగవలెను.