కేన్సరు కణంలో హమాలీలు

సాఫ్టువేరు వాళ్ళం కాబట్టి ఏదైనా నెట్‌లో చదివి అర్థం చేసుకుని చెప్పేస్తామని ఇంటి దగ్గర వాళ్ళకి ఒక నమ్మకం. మస్కట్‌లో ఉంటున్న నాకు ఈ మధ్య ఊరి నించి వచ్చిన ఫోన్లలో రెండు ఒకే మందు గురించి: సెలినెక్సార్. "మిగతా మందులన్నీ పని చెయ్యడం మానేసినా ఇది పని చేస్తుందటగా, అక్కడ దొరికితే ఎవరిచేతైనా పంపించు" అని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మందు వెనక ఉన్న ఆలోచన అద్భుతం. దాని మీద మనవాళ్ళు పెట్టుకుంటున్న ఆశ మాత్రం మోతాదు మించింది.

కణంలో జన్యువులుండే గది కేంద్రకం. దాని గోడకి రంధ్రాలుంటాయి కానీ పెద్ద ప్రోటీన్లు వాటిలోంచి తమంతట తాము బయటికి రాలేవు. మోసుకెళ్ళేందుకు వేరే ప్రోటీన్లున్నాయి, వాటిలో ముఖ్యమైనది ఎక్స్‌పోర్టిన్-1. మత్రా సూక్‌లో సామాను మోసేవాళ్ళని చూస్తే నాకిదే గుర్తొస్తుంది (హమాలీ అన్న మన మాట అరబ్బీ నించి వచ్చిందే). సరుకు మీద ఫలానా చీటీ ఉంటే చాలు, ఈ హమాలీ ఎత్తుకెళ్ళి బయట దింపేస్తుంది. ఇలా మోసే సరుకు 200 పైచిలుకు రకాలు. అందులో పి53 లాంటి కాపలాదారులూ ఉన్నారు. దారి తప్పిన కణాన్ని ఆపవలసిందీ, అవసరమైతే చంపవలసిందీ వీళ్ళే, కానీ ఆ పని కేంద్రకంలో ఉంటేనే సాగుతుంది. చాలా కేన్సరు కణాల్లో ఈ హమాలీల సంఖ్య మామూలుకన్నా ఎక్కువ. కాపలాదారు క్షేమంగానే ఉన్నాడు, కాకపోతే గేటు బయట కూర్చున్నాడన్నమాట. దీన్ని యాంటీవైరస్ ప్రోగ్రాముతో పోల్చబుద్ధేస్తుంది గానీ వద్దులెండి, మనిషిని ఫార్మాట్ చేసి మళ్ళీ ఎక్కించే వీలు లేదు.

మందులకి లొంగకపోవడం కేన్సరుకి కొత్త విద్య కాదు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం లెడర్లీలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ని, బాస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకీమియా ఉన్న 16 మంది పిల్లలకి ఇస్తే పదిమందికి మెరుగైంది. 1948లో అచ్చయిన ఆ వ్యాసం పేరులోనే "తాత్కాలిక" అన్న మాట ఉంది. రోగం మళ్ళీ తిరగబెట్టింది. మందు తగిలే లక్ష్యాన్ని పెంచుకోవడం, మందునే బయటికి తోసెయ్యడం లాంటి ఎత్తులు కేన్సరుకి చాలా ఉన్నాయి. హమాలీని వాడుకోవడం అలాంటిదే ఇంకొకటి. డాక్సోరుబిసిన్ పని చెయ్యాలంటే టోపోఐసోమరేజ్-2 అనే ఎంజైము కేంద్రకంలో ఉండాలి. మయలోమా కణాలు కిక్కిరిసినప్పుడు ఆ ఎంజైము బయటికి వచ్చేస్తుంది. ఇక మందు లోపలికి వెళ్ళి ఎవరితో మాట్లాడుతుంది? ఎక్స్‌పోర్టిన్‌ని అడ్డుకుంటే పాత మందు మళ్ళీ పని చెయ్యడం ప్రయోగశాలలో చూశారు. నాకు నచ్చినది ఇదే: కొత్త విషం వెతకడం కన్నా, ఉన్నవాళ్ళని ఉండవలసిన చోట ఉంచడం.

అయితే ఆరోగ్యంగా ఉన్న కణాలకీ ఇదే హమాలీ. లెప్టోమైసిన్-బి అనే పాత పదార్థం దాన్ని శాశ్వతంగా పట్టేసుకుంటుంది. 1990లలో మనుషుల మీద పరీక్షిస్తే ఆకలి చచ్చిపోయి, నీరసంతో పడిపోయారు, అంతటితో ఆపేశారు. సెలినెక్సార్ కూడా చీటీ పట్టుకునే చోటే, అదే సిస్టీన్-528 దగ్గరే అతుక్కుంటుంది, కాకపోతే కొంతకాలానికి వదిలేస్తుంది. ఆ వదలడంలోనే మందుకీ విషానికీ ఉన్న తేడా అంతా ఉంది.

ఇక లెక్కలు. 2019 జులైలో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది, మూడు తరగతుల మందులకీ లొంగని మల్టిపుల్ మయలోమాకి, డెక్సామెథసోన్‌తో కలిపి. ఆధారమైన పరీక్షలో 122 మందిలో ఫలితం కనిపించింది 26 శాతానికి; అది నిలిచింది సగటున 4.4 నెలలు. తరవాత వారానికి ఒక్కసారే ఇస్తూ, ఇంకా ముందు దశలో బోర్టెజొమిబ్‌తో కలిపితే, రోగం ముదరకుండా గడిచిన కాలం 9.5 నెలల నించి 13.9కి పెరిగింది. 2020 డిసెంబరులో దానికీ అనుమతిచ్చారు. ఏ దారీ లేనివాళ్ళకి నాలుగు నెలలంటే చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. కానీ మొదట్లో అమెరికాలో పెట్టిన ధర నెలకి 22,000 డాలర్లు, అంటే సుమారు 8,460 ఒమానీ రియాళ్ళు. పొలం అమ్మే ముందు ఆ 26 శాతం అన్న అంకె ఇంట్లో అందరికీ తెలియాలి.

అందుకే ఫోను చేసినవాళ్ళకి నేను చెప్పింది ఇంతే. ఇది సూట్‌కేసులో పంపే మందు కాదు. ఇప్పటిదాకా ఏయే మందులు వాడారో, ఏది ఎప్పుడు పని చెయ్యడం మానేసిందో తేదీలతో ఒక కాగితం మీద రాసి, మీ ఆంకాలజిస్టుని సూటిగా అడగండి: దీన్ని ఒంటరిగా ఇస్తారా, దేనితోనైనా కలిపి ఇస్తారా, వారానికి ఎన్నిసార్లు? వాంతులు ఆపే మందు మొదటి మాత్రతోపాటే మొదలుపెడతారా? ప్లేట్‌లెట్లూ సోడియమూ ఎన్నాళ్ళకోసారి చూస్తారు? ఈ మందుతో సోడియం పడిపోతుంది. బీపీ ఉందని ఇంట్లో పెద్దాయన చేత ఉప్పు మానిపించి ఉంటే ఆ సంగతీ డాక్టరుకి చెప్పండి.