భావికాలంకారము – భవిష్యత్కథ

భావికాలాన్ని ఇతివృత్తంగా గ్రహించిన వైజ్ఞానిక కథానికలను గూర్చి ప్రాచ్యవిద్యారంగంలో రెండు వాదాలు వినవస్తున్నవి. అవి వినోదమాత్ర ప్రయోజనాలు, కావ్యవిచారానికి అర్హములు కావని ఒకటి. వానిలోని విశేషాలన్నీ పురాణాలలో ముందే ఉన్నవని రెండవది. ఈ రెండూ విచారణకు నిలువవు.

రెండవ వాదానికి తరచు ఆధారమయ్యేది భాగవత నవమస్కంధంలోని రైవతుని కథ. కుమార్తె రేవతికి తగిన వరుని తెలిసికొనగోరి రైవతుడు బ్రహ్మలోకానికి వెళ్లి, గాంధర్వగానం ముగిసేవరకు క్షణకాలం వేచినాడు. అంతలో భూలోకంలో ఇరువదియేడు చతుర్యుగాలు గడచినవి. కల్పన అద్భుతమే. కాని అందలి మార్పునకు హేతువు కాలస్వభావము, మానవకృత్యం కాదు. మానవుడు ఎంచుకొన్న మార్గానికి కలుగగల పర్యవసానాన్ని చూపడమే వైజ్ఞానిక కథకు ప్రాణం.

మొదటి వాదానికి సమాధానం అలంకారశాస్త్రంలోనే ఉన్నది. భూతభావి పదార్థాలు ప్రత్యక్షాలవలె గోచరించడమే భావికమనీ, అది ప్రబంధవిషయకమైన గుణమనీ భామహుడు చెప్పినాడు. మమ్మటుడు దీనిని అలంకారంగా పరిగణించి, నాయిక కన్నులలో వెనుకటి కాటుకను, ఆకృతిలో రాబోవు ఆభరణశోభను దర్శించే శ్లోకాన్ని ఉదాహరించినాడు. అక్కడ భావి ఒక అలంకరణకు పట్టేంత దూరం. ఆధునిక కథకులు ఆ దూరాన్ని శతాబ్దాలకు పెంచినారు. ఐజాక్ అసిమోవ్ 1956 నాటి ‘ది లాస్ట్ క్వశ్చన్’ 2061లో మొదలై విశ్వాంతం వరకు సాగుతుంది.

ఈ కథలను జోస్యాలుగా తూచడం పొరపాటు. కైలాసచంద్ర దత్తు 1835లో ఆంగ్లంలో రచించిన కథ, 1945లో ఆంగ్లేయ పాలనపై సాయుధ తిరుగుబాటు జరిగినట్లు ఊహించినది. చరిత్ర అట్లు నడువలేదు. స్వాతంత్ర్యం 1947లో మరొక మార్గాన వచ్చినది. అయినను, పరాధీనకాలంలో స్వాతంత్ర్యకాంక్షను కన్నులకు కట్టించిన విలువ ఆ కథకు తగ్గలేదు. ఇ.ఎం. ఫార్‌స్టర్ 1909లో ప్రకటించిన ‘ది మెషీన్ స్టాప్స్’లో జనులు భూగర్భపు గదులలో ఒంటరిగా ఉండి, యంత్రం ద్వారానే మాటలాడుకొంటారు. యంత్రం అవసరం లేకుండ తన్ను ముఖాముఖి చూడరమ్మని కుమారుడు తల్లిని వేడుకొంటాడు. ఆ కథ నిలిచినది యంత్రవర్ణన వలన కాదు, ఆ వేడుకోలు వలన. భావికం ఫలించినది అక్కడనే.

భావికం నేడు తరగతిగదిలో ఒక లక్షణం, ఒక ఉదాహరణశ్లోకంతో ముగిసిపోతున్నది. లక్ష్యం లేని లక్షణం కంఠపాఠానికే మిగులుతుంది. తెలుగులో వెలువడుతున్న భవిష్యత్కథలను ఈ గీటురాయిపై పరీక్షించినచో కథావిమర్శకు ప్రమాణమూ, శాస్త్రానికి జీవమూ ఒక్కమారే చేకూరగలవు.